ఎదురు రాయి

పొద్దున ఆరింటికి కాటన్‌పేటలో రాగుల మండీ తలుపు తీసి, గడపకు నీళ్లు చల్లి, సొన్నమ్మ మొదట తక్కెడ తుడుస్తుంది. ఎడమ తట్ట ఎప్పుడూ కిందికి వాలి ఉంటుంది. కొడుకు కృష్ణప్ప బతికినన్నాళ్లూ బేరమాడేటప్పుడు ఆ తట్ట మీద మోచెయ్యి ఆనించేవాడు. పోయి మూడేళ్లయినా ఆ అరకిలో బరువు అక్కడే ఉంది. కొనేవాళ్లే కుడి తట్టలో అరకిలో ఎదురు రాయి వేసి, "కృష్ణప్ప ఉండాడు, ఇంక తూకం వెయ్యవ్వా" అంటారు. తూనికల ఆఫీసరు కూడా చూసి, ఆ రాయి మీద ముద్ర వేసి పోయినాడు.

ఆ పొద్దు రాగులు జల్లిస్తుంటే మేఘన వచ్చింది. కృష్ణప్ప పెండ్లాంగా ఈ ఇంట్లో మసిలిన మనిషి. పోయినేడు సుధీర్‌ను చేసుకుని కె.ఆర్.పురం పోయింది. ఆ పెళ్లినాటి నుంచి సొన్నమ్మ ఆమెతో మాట్లాడలేదు. ఇప్పుడు చేతుల్లో పదకొండు రోజుల మగబిడ్డ. సుధీర్ హెల్మెట్ పట్టుకుని రోడ్డు మీదే నిలబడినాడు.

"నిన్ను రమ్మని నేను పిలవలేదే."

"పిలవవని తెలుసత్తా. బిడ్డ పాలు తాగడంలేదు. రెండు కిలోలకు దిగినాడు. ఇంకా దిగితే ఆశ పెట్టుకోవద్దని ఆస్పత్రిలో అన్నారు."

"నా కొడుకు బిడ్డ అక్షర పుట్టినప్పుడు మూడుంబావు కిలోలు ఉండె. ఈ తట్టలోనే తూచినా. వీధంతా చూసినారు."

"డాక్టరమ్మ కూడా మొదటి బిడ్డ బరువెంత, ఇద్దరికీ నాయన ఒకడేనా అని అడిగింది. తండ్రి మారితే కొందరికి తర్వాతి బిడ్డ తేలికగా పుడతాదంట. తల్లి ఒళ్లు మొదటాయనకే అలవాటు పడుంటాదంట."

సొన్నమ్మ చేతిలో జల్లెడ ఆగింది. తన కోపానికి చదువుకున్న మనిషి సంతకం పెట్టినట్టయింది. "నీ ఒంటికున్న బుద్ధి నీకు లేకపాయె."

"అవునత్తా. పదకొండో రోజు ఈ ఇంటి బిడ్డల్ని తూస్తారు గదా. వీడు అక్షర తమ్ముడు. అక్షర నాయన తట్టలో ఒక్కసారి పడుకోబెట్టు."

ఎంత తేలికో వీధంతా చూడనీలే అనుకుంది సొన్నమ్మ. ఎదురు రాయి వేసి, పాతచీర మడత పరిచి, బిడ్డను ఎడమ తట్టలో పెట్టింది. కుడి పక్క రాగులు పోసింది. సరిగ్గా రెండు కిలోలకు తక్కెడ ముల్లు నిలబడింది.

బిడ్డ తొడల మీద చర్మం ముసలివాళ్ల చర్మంలా ముడతలు పడి ఉంది. ఆమె చూస్తుండగానే ఒక్కొక్క ముడత విప్పుకుంది. బుగ్గలు నిండుతున్నాయి. ముల్లు మాత్రం కదలలేదు. ఎవరి బరువు ఎవరిలోకి పోతోందో ఆమెకు తెలిసిపోయింది. ఇప్పుడే ఎత్తేస్తే కొడుకు సగమన్నా మిగులుతాడు. చెయ్యి ముందుకు పోయింది. బిడ్డ ఆ చేతి వేలు పట్టుకుని, గుక్కపెట్టి ఆకలేడుపు ఏడ్చినాడు. వేలు విడిపించుకుందే గానీ, ఆమె ఎత్తలేదు.

మేఘన ఎత్తుకున్నప్పుడు బిడ్డ బరువుకు చేతులు కిందికి దిగినాయి. ఆమె ఏదో చెప్పబోయింది.

"పో. పాలియ్యి. మళ్లా ఈ గడప తొక్కొద్దు."

రాగులు గోతంలో పోయగానే, రాయి ఉన్న తట్ట ఠంగుమని బల్లకు తగిలింది. ఎడమ తట్ట పైన, ఖాళీగా, ఆడుతూ ఉండిపోయింది.

పదింటికి నారాయణప్ప రాగులకు వచ్చి, అలవాటుగా బల్ల మీద తడిమినాడు. "ఎదురు రాయి ఏదవ్వా?"

రాయి సొన్నమ్మ ఒడిలో ఉంది.

"వద్దులేప్పా. తక్కెడ సరిగ్గానే ఉండాది."