మోగని నంబర్లు

ఓటీపీని చంపడం నేను కళ్ళారా చూశాను.

నేను కరెంటు పనివాణ్ణి. యాప్ కంపెనీకి పనివాళ్ళను పంపే కంట్రాక్టరు ఆఫీసులో స్విచ్‌బోర్డు మాడిపోతే పొద్దున్నే పిలిపించారు. మొదటి అంతస్తులో రెండు గదులు. లోపలి గదిలో ఒక బల్ల, బల్ల మీద కంప్యూటరు, దాని ముందు నలభై ఏళ్ళ మనిషి ఒకామె. బయటి గదిలో కంట్రాక్టరు. గుమ్మంలో కంపెనీ ఇచ్చిన నీలం సంచీ భుజాన వేసుకుని ఇంకొకామె నిలబడి ఉంది. ఇళ్ళు శుభ్రం చేసే మనిషి.

"అన్నా, ఓటీపీ ఇప్పించన్నా. ఎనిమిదింటికి మొదటి ఇల్లు."

"ఏం ఫైవ్‌స్టారూ, తొందరగా ఉందా?" కంట్రాక్టరు టీ ఊదుకుంటున్నాడు. "కంపెనీకి నేరుగా కంప్లైంటు రాసేంతదానివయ్యావు. ఓటీపీ కూడా ఆ కంపెనీనే అడుక్కో."

"నన్ను లోపల పెట్టి బయట తాళం వేసుకుని పోయాడన్నా ఆ ఇంటాయన. నాలుగు గంటలు. అది కూడా చెప్పుకోకూడదా?"

"ఆయనిల్లు, ఆయన తాళం. నీకేం నొప్పి?"

ఆమె ఫోనులో నొక్కింది. లోపలి గదిలో తెర మీద ఆరంకెలు పడ్డాయి. స్టూలు మీద నిలబడ్డ నాకు అవి కనిపిస్తున్నాయి. తెర ముందున్న మనిషి కంట్రాక్టరు వైపు చూసింది. అతను చెయ్యి అడ్డంగా ఊపాడు. రెండు నిమిషాలు గడిచాయి. ఆ అంకెలు ఇక దేనికీ పనికిరావు. ఆమె మళ్ళీ నొక్కింది. మూడుసార్లు నొక్కింది, మూడుసార్లూ అంకెలు వచ్చాయి, మూడుసార్లూ చచ్చాయి. నాలుగోసారి యాప్ ఆమెను ఆ రోజుకి బయటికి నెట్టేసింది.

నేను స్క్రూడ్రైవరు పట్టుకుని స్టూలు మీదే ఉన్నాను. నోరెత్తలేదు. ఆ సిగ్గుతోనే ఇదంతా చెబుతున్నాను, వినండి.

పని ముగించుకుని దిగితే ఆమె కింద మెట్టు మీద కూర్చుని ఉంది. ఇంటికి పోదామంటే ఇంట్లో ఎవరూ లేరు. పనికి పోదామంటే పని లేదు.

"అక్కా, ఆ నంబరు నీదేనా?" అన్నాను.

"నాదే. ఇదుగో, కార్డు మీద అచ్చు వేశారు కదా."

"నీదైతే ఓటీపీ నీ ఫోనుకి రావాలి. ఆయన కంప్యూటర్లోకి ఎందుకు వస్తోంది?"

ఆమె నా ముఖంలోకి చూసింది. ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఆమెను అడిగినవాళ్ళు లేరు. ఎవరడుగుతారు? ఆమెకు మనుషులెక్కడున్నారు?

విషయం ఇది. ఇంటర్నెట్‌లో నంబర్లు అద్దెకు దొరుకుతాయి. వాటికి సిమ్ముండదు, ఫోనుండదు. మెసేజీ వస్తే ఒక పేజీలో పడుతుంది, అంతే. సొంత నంబరు దాచుకోవాలనుకునేవాళ్ళు వాడుకుంటారు, వాళ్ళతో నాకు తగాదా లేదు. ఈ కంట్రాక్టరు అలాంటి నంబర్లు రెండు వందలు తీసుకున్నాడు. పని కోసం వచ్చిన ప్రతి మనిషికీ ఒక నంబరు మీద కంపెనీ యాప్‌లో ఖాతా తెరిచాడు. "ఇది కంపెనీ నీకిచ్చిన నంబరు" అని కార్డు చేతిలో పెట్టాడు. రోజూ పొద్దున ఆ ఖాతా తెరుచుకోవాలంటే ఓటీపీ కావాలి. అది ఆయన పేజీలో పడుతుంది. ఆయన దయతలిస్తే మీ మామూలు ఫోనుకి పంపిస్తారు. దయ తలచకపోతే మీరు ఆ రోజుకి మనిషే కాదు. మీ పేరు, మీ ఫోటో, ఆరేళ్ళు ఒంగి ఒంగి తుడిచి సంపాదించుకున్న మంచిపేరు, అన్నీ ఆయన గుప్పిట్లో.

ఇంకోటి. ఆ నంబర్లు మోగవు. ఒకరికొకరు ఫోన్ చేసుకుందామన్నా కుదరదు. ఫ్యాక్టరీకి గేటుంటుంది. కూత కూస్తే వెయ్యి మంది ఒక్కసారి బయటికొస్తారు, ఒకరి భుజం ఒకరికి తగులుతుంది. వీళ్ళకు గేటు లేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క ఇంట్లో, మూసిన తలుపు వెనక. ఫైవ్‌స్టారక్క రోజంతా పలికే మాటలు రెండే. లోపలికి పోతూ "నమస్తే అండి". బయటికొస్తూ "అయిపోయిందండి, స్టార్లు వెయ్యండి". మిగతా రోజంతా నీళ్ళ చప్పుడే.

నేను చెప్పింది విని ఆమె ఊరుకోలేదు. మర్నాడు ఓటీపీ వచ్చి ఖాతా తెరుచుకోగానే యాప్‌లో వెతికి 'నంబరు మార్చుకోండి' అన్న బటన్ పట్టుకుంది. సంబరంగా నొక్కింది. ఒక్కతే నొక్కింది, అదే తప్పు. నంబరు మార్చాలంటే ముందు పాత నంబరుకే ఓటీపీ వస్తుంది. అంటే కంట్రాక్టరు పేజీలోకి. ఆమె ఏం చేయబోతోందో తనే అతనికి చెప్పినట్టయింది. సాయంత్రానికి ఆమె ఫోనులో ఖాతా లేదు.

వారం తర్వాత, ఊరికే కూర్చోలేక, తను ఎప్పుడూ పోయే ఇంటికి పోయింది. వాచ్‌మన్ ఆపాడు. పేరు చెప్పింది.

"ఆమె ఇందాకే లోపలికి పోయింది కదమ్మా."

"నేనే కదయ్యా ఆమెను."

"ఫోనులో పేరు చూసే పంపాను. ఫోటో మసకగా ఉందిలే, ఎవరైనా ఒకటే."

ఫైవ్‌స్టారక్క ఎదురుగా అరుగు మీద కూర్చుంది. తను బయటికి రావడం చూడ్డానికి తనే రెండు గంటలు కూర్చుంది.

వచ్చినామె చిన్నది, పాతికేళ్ళుంటాయి. ఆమెనే మేము తర్వాత కొత్తామె అన్నాం. ఫైవ్‌స్టారక్క ఆమె సంచీ పట్టి లాగింది. "నా పేరు నాకివ్వవే!"

కొత్తామె వదిలించుకోలేదు. "మీరేనా అక్కా? రెండో అంతస్తు ముసలమ్మ 'నడుం నొప్పి తగ్గిందా' అని రోజూ అడుగుతోంది. నాకు నడుం నొప్పి ఎప్పుడొచ్చిందా అనుకుంటున్నాను."

ఇద్దరూ ఆ రోడ్డు మీదే ఏడ్చారు. అలా మొదలైంది.

మూడు వారాలు మేము ముగ్గురం పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్ల గేట్ల దగ్గర నిలబడ్డాం. నీలం సంచీ కనిపిస్తే ఆపడమే. సగం మంది తప్పించుకుని పరిగెత్తారు, మేము కంపెనీ మనుషులమనుకుని. ఆదివారం మధ్యాహ్నం ఒక టైర్ల షెడ్డులో సభ పెడితే పందొమ్మిది మంది వచ్చారు. వచ్చి ఏం చేశారు? పక్కపక్కన కూర్చోలేదు. ఒక్కొక్కరూ ఒక్కొక్క టైరు మీద, మధ్యలో నాలుగేసి అడుగులు వదిలి కూర్చున్నారు. మనిషి పక్కన కూర్చోవడం మర్చిపోయారు.

"మీకెన్ని స్టార్లు?" అని ఒకామె మెల్లగా పక్కామెను అడిగింది.

"ఇక్కడ కూడానా!" అని నేను అరిచాను. తర్వాత, అరవకుండా ఉండాల్సింది అనుకున్నాను. వాళ్ళకు తెలిసిన పలకరింపు అదొక్కటే.

ఏసీ మెకానిక్ ఒకతను లేచాడు. "కరెంటాయనా, నువ్వు బాగానే చెబుతున్నావు. నాకు గుర్తింపు కార్డు లేదు. నా పేరున సిమ్ము కూడా రాదు. ఆయన నంబరు లేకపోతే నాకు పనే లేదు. నీ మాట విని నా పొట్ట నేనే కొట్టుకోవాలా?"

"ఆయన నీకు పనివ్వలేదు, నీ మెడకు తాడిచ్చాడు."

"తాడో తోకో, దాంతోనే నా పిల్లలు తింటున్నారు! నువ్వు పోతే ఇంకో ఆఫీసులో ఫ్యాను బిగించుకుంటావు. నేనెక్కడికి పోవాలి?"

అతనికి జవాబు కొత్తామె చెప్పింది.

"అన్నా, నేను ఈ అక్క పేరు మీద పని చేస్తున్నాను. ఈమె ఆరేళ్ళు కూడబెట్టుకున్న మంచితనం నేను తింటున్నాను. రేపు నీ పేరు మీద ఇంకొకడు ఏసీలు విప్పుతాడు. నీ పిల్లలకు అప్పుడేం పెడతావు?"

ఏసీ మెకానిక్ కూర్చున్నాడు. ఒప్పుకుని కాదు, అలిసిపోయి. కానీ ఈసారి ఇంకొకరి పక్కనున్న టైరు మీద కూర్చున్నాడు.

నంబరు మార్చే ఆ బటన్ అందరం ఒకేసారి నొక్కాలి, అది తేలింది. ఒక్కరు నొక్కితే దొంగ, రెండు వందల మంది నొక్కితే ఎవర్ని పీకుతాడు? కానీ ఆ రెండు నిమిషాల్లో అంకెలు మాకెవరు చెబుతారు? తెర ముందు కూర్చునే మనిషి చెప్పాలి.

ఆమెను మేము అంకెలక్క అనుకునేవాళ్ళం. ఫైవ్‌స్టారక్క మధ్యాహ్నం భోజనం వేళ చూసి పైకి పోయింది. నేను మీటరు చూసే మిషతో మెట్ల మీద ఉన్నాను, అంతా వినబడింది.

"మమ్మల్ని మీరు ఎరగరు..."

"మీరంతా నాకు తెలుసు," అంది అంకెలక్క. గొంతు బొంగురుగా ఉంది, వాడకం లేక. "ఎవరు ఎన్నింటికి లేస్తారో తెలుసు. ఎవరు ఏ రోజు ఆలస్యమవుతారో తెలుసు. చివర ముప్పై ఒకటి ఉన్న నంబరామె అయిదు కాకముందే అడిగేది. మూడు నెలలుగా అడగడం లేదు. ఏమైంది ఆమెకి?"

ఫైవ్‌స్టారక్కకు తెలియదు. ఎవరికీ తెలియదు.

"నాకూ చెప్పలేదు. నంబరు మాత్రం వేరేవాళ్ళకిచ్చారు," అంది అంకెలక్క. "ఇక్కడ నాలుగేళ్ళుగా నేను మాట్లాడేది ఒక్కటే మాట. 'సరే సార్.' ఇంటికి పోతే అది కూడా ఉండదు." ఫైవ్‌స్టారక్క మా ఉపాయం చెబితే అంకెలక్క వెంటనే అంది: "సోమవారం పెట్టుకోండి. ఆ రోజు ఆయన పదింటికి గానీ రాడు. తలుపు గడియ నేను చూసుకుంటాను. మీరు మాత్రం చెవులు పెట్టుకుని రండి."

సోమవారం ఏడింటికి ఆఫీసు కింద వీధి నీలం సంచీలతో నిండిపోయింది. పందొమ్మిది మంది ఎక్కడ, నూట నలభై మంది ఎక్కడ! ఒకరు ఇద్దరికి చెప్పారు, ఇద్దరు నలుగురికి. కిటికీ తెరుచుకుంది. అంకెలక్క తల బయటపెట్టింది. వీధినంతా చూసి గాభరా పడింది. ఇంతమంది ముఖాలు ఆమె ఎప్పుడూ చూసి ఉండదు.

"పది మంది పది మంది నొక్కండి," అని అరిచింది. గొంతు పగిలింది. మళ్ళీ అరిచింది. "నలభై ఏడో కార్డు! ఆరు, సున్నా, రెండు, రెండు, తొమ్మిది, ఒకటి!"

"నాదే! నాదే!"

"పన్నెండు! మూడు, మూడు, ఎనిమిది..."

వీధిలో ముసలీ ముతకా ఫోన్లకు ముఖాలు ఆనించి కొడుతున్నారు. కళ్ళజోడు లేనామెకు పక్కామె కొట్టిపెడుతోంది. ఒకాయన తప్పు అంకె కొట్టి బూతులు తిట్టుకుంటే, "మళ్ళీ నొక్కు నాయనా, నేనెక్కడికీ పోను" అంది అంకెలక్క పైనుంచి. వీధంతా నవ్వింది.

కొత్తామె ఫైవ్‌స్టారక్క ఖాతా తెరిచి నొక్కింది. అంకెలు వచ్చాయి. పాత నంబరు పోయి ఫైవ్‌స్టారక్క సొంత నంబరు పడింది. పేరు, ఆరేళ్ళు, ఆమె ఫోనులోకి వచ్చేశాయి.

"మరి నువ్వేం చేస్తావే?"

"నాది నేను మొదట్నుంచి చేసుకుంటాను. మీ నడుం నొప్పి మీరే మోసుకోండి," అంది కొత్తామె.

ఎనిమిదింటికే కంట్రాక్టరు వచ్చాడు, ఎవరో కబురు పెట్టారు. మెట్ల మీద ఏసీ మెకానిక్ అడ్డంగా కూర్చుని ఉన్నాడు. అతని వెనక పదిమంది.

"లేవరా!"

"ఏసీ బాగుచెయ్యడానికొచ్చాను సార్. కాస్త అలుపు తీర్చుకుంటున్నా."

"నీకు కార్డు లేదు, గుర్తుందా? ఒక్క ఫోను కొడితే నువ్వు లోపలుంటావు!"

"కొట్టండి సార్. మోగే నంబరుకే కొట్టండి."

పోలీసులు వచ్చేసరికి అంకెలక్క నూట ముప్పై ఒక్క నంబర్లు చదివింది. తలుపు బద్దలు కొట్టి ఆమెను పట్టుకున్నారు. మెసేజీలు దొంగిలించిందట. ఎవరి మెసేజీలు? మావి! మాకొచ్చినవి మాకు చదివి వినిపిస్తే దొంగతనం, ఆరేళ్ళు మా కంట పడకుండా దాచినవాడు ఫిర్యాదుదారు! నేను అరిచాను, లాఠీ తగిలింది, ఇప్పటికీ భుజం పైకి లేవదు.

మధ్యాహ్నం పన్నెండింటికి అందరి ఫోన్లూ ఒక్కసారి కుయ్యిమన్నాయి. 'అనుమానాస్పద కార్యకలాపాల కారణంగా మీ ఖాతా నిలిపివేయబడింది.' కంపెనీ సొంత సంతకం. నూట ముప్పై ఒకటీ మూసేసింది. కంట్రాక్టరు ఆ ఖాతాలను ఆరేళ్ళు ఆడించినప్పుడు దానికి అనుమానం రాలేదు. మనిషి తన పేరు తను తీసుకుంటే వచ్చింది. మా తగాదా ఎవరితోనో అప్పుడు తెలిసింది.

ఫైవ్‌స్టారక్క ఆ మెసేజీని చాలాసేపు చూసింది. ఆరేళ్ళు. ఆరు గంటలు కూడా ఆమె దగ్గర ఉండలేదు. ఫోను సంచీలో పడేసి, "స్టేషనుకి పదండి" అంది.

స్టేషను ముందు కూర్చున్నాం. వీధివైపు చిన్న కిటికీ, ఊచలు. లోపల కానిస్టేబులు అంకెలక్క ముందు రిజిస్టరు తెరిచి కూర్చున్నాడు. అతని మాటలు వినబడుతున్నాయి.

"ఇంట్లోవాళ్ళ నంబరు చెప్పమ్మా. కబురు చెయ్యాలి కదా."

అంకెలక్క రిజిస్టరు వైపే చూస్తోంది.

"ఎవరో ఒకరుంటారు. అన్నో, చెల్లెలో. ఒక్క నంబరు కూడా నోటికి రాదా?"

"రెండు వందలు వచ్చు," అంది అంకెలక్క. "ఒక్కటీ మోగదు."

వీధిలో అందరం విన్నాం. ఫైవ్‌స్టారక్క లేచింది. కిటికీ దగ్గరికి పోయి, రెండు చేతులతో ఊచలు పట్టుకుని, తన సొంత నంబరు పది అంకెలూ విడివిడిగా అరిచింది.

"రాసుకో అయ్యా! ఆమె మా అక్క!"

కానిస్టేబులు కలం తీశాడు. రాసేలోపే కొత్తామె తన నంబరు అరిచింది. తర్వాత టైరు మీద పక్కామెను స్టార్లు అడిగినామె. తర్వాత కళ్ళజోడు లేనామె, తప్పు చెప్పి, మళ్ళీ సరిచేసుకుని. ఏసీ మెకానిక్ బావమరిది నంబరు అరిచి, "అది నాదే అనుకోండి" అన్నాడు. ఒకరి మీద ఒకరు, వీధంతా అంకెలు.

"ఒక్కొక్కళ్ళు చెప్పండమ్మా, ఒక్కొక్కళ్ళు!" అంటూ కానిస్టేబులు పేజీ తిప్పాడు. ఇంకో పేజీ తిప్పాడు.

ఆమెను వదల్లేదు. కేసు నడుస్తోంది. మేమెవరమూ పనిలోకి పోలేదు. కంపెనీ ఆఫీసు ఎక్కడుందో కనుక్కున్నాం, పన్నెండో అంతస్తులో ఉందట. గురువారం పొద్దున పోతున్నాం. నీలం సంచీ ఉన్నా లేకపోయినా, మీరూ రండి.