ఫేహీన్ చెప్పిన అబద్ధాలు

మా తమ్ముడు ఫేహీన్ సముద్రంలో పోయి ఇరవై రెండేళ్ళు. శవం దొరకలేదు. ఫొటో కూడా లేదు. ఆ రోజుల్లో కనెమరా తీరంలో మాలాంటి వాళ్ళకి ఫొటోలు తీసేదెవరు? వీటన్నిటితో అమ్మ ఎలాగో సర్దుకుంది. కానీ మొన్న సెప్టెంబరులో ఒక పొద్దున పొయ్యి ఎగదోస్తూ ఉన్నట్టుండి ఆగిపోయింది.

"షిబేల్, వాడి గొంతు పోయిందే."

"ఎవరి గొంతమ్మా?"

"ఇంకెవరిది, ఫేహీన్‌ది. మొహం కనబడుతోంది, నోరు కదుల్తోంది. మాట మాత్రం వినబడట్లేదు."

ఆ రోజు నుంచి తిండి సగమైంది. కన్నకొడుకు గొంతు మరిచిపోవడం పాపమని చర్చికెళ్ళి ఫాదర్ దగ్గర ఒప్పుకుంది కూడా. పాపం కాదన్నాడాయన. "ఆయన కన్నాడా పెంచాడా" అని తీసిపారేసింది. అమ్మ అలా కుర్చీలో ఎండిపోతుంటే చూడలేక, నాకు మాటలాయన గుర్తొచ్చాడు.

ఆయన అసలు పేరు కోర్మాక్ డెవాన్. 1936 వసంతంలో డబ్లిన్ నుంచి మా ఊరికి సైకిలేసుకుని వచ్చాడు. పాతికేళ్ళ మనిషి, మంచి కోటు, జేబులో నోటుపుస్తకం. మాండలికాలు సేకరిస్తున్నాను అన్నాడు. ఆ మాటే మేమెప్పుడూ వినలేదు. పైగా వచ్చీ రాగానే ఈ పీపాని ఏమంటారు, బార్లీ నానబెట్టే తొట్టిని ఏమంటారు అని మొదలెట్టాడు. నాటుసారా కాచే ఊళ్ళో అడగాల్సిన ప్రశ్నలేనా అవి? అబ్కారీ వాడేనని ఊరంతా తేల్చేసింది. మా ఇంట్లోనే బస. ఉన్న మూడు వారాలూ అమ్మ ఆయన ముందు నోరు విప్పితే ఒట్టు. చేత్తోనే కూర్చోమనేది, చేత్తోనే తినమనేది. పంతొమ్మిదేళ్ళ ఫేహీన్ మాత్రం "నాకొదిలేయండి" అని ఆయన్ని వెంటేసుకుని బురదనేలలన్నీ తిప్పాడు. చెప్పినవన్నీ అబద్ధాలే. ఆయన ఒక్కటి వదలకుండా రాసుకున్నాడు.

ఆ అక్టోబరులో పడవ తిరగబడింది.

మా తమ్ముడి మాటలేమైనా మీ దగ్గరున్నాయా అని ఇప్పుడు ఆయనకి ఉత్తరం రాశాను. పోస్టులో వేసిన మరుక్షణం సిగ్గేసింది. పదో రోజు మధ్యాహ్నం ఆయనే బస్సు దిగాడు. జుట్టు నెరిసింది. చంకలో తాడు కట్టిన చెప్పుల పెట్టె.

"ఇంకా మాటలే ఏరుకుంటున్నారా మాస్టారూ?" అన్నాను.

"నాకింకేం పనొచ్చమ్మా? నిఘంటువు రాస్తున్నాను."

"ఎందాకా వచ్చింది?"

"ఐదో అక్షరం."

"ఇరవై రెండేళ్ళకా! మా కోళ్ళు గీకినా ఈపాటికి అయిపోయేది."

ఆయన నవ్వాడు. ఒక్కో మాటనీ ఇవాళ్టి మనిషి నోట్లో పట్టుకుని, పాత ఉత్తరాలూ పాటలూ దాటుకుంటూ, వెయ్యేళ్ళ కిందట సన్యాసులు తోలు మీద రాసిన పుస్తకాల దాకా వెనక్కి నడవాలట. కొన్నిటికి ఏడాది పడుతుందట. ఇంట్లో అలాంటి చీటీలు లక్షకి పైనే ఉన్నాయన్నాడు. ఈ పెట్టెలో మాత్రం అన్నీ ఫేహీన్‌వే.

ఒక చీటీ చూపించాడు. ఆయన ఉత్తి మాట ఎప్పుడూ రాసుకోడు, మనిషి అన్న వాక్యం మొత్తం రాస్తాడు. అక్షరాల పైనా కిందా చిన్న చిన్న గుర్తులు, గొంతు ఎక్కడ లేచిందో ఎక్కడ తగ్గిందో తెలియడానికి. మూలన తమ్ముడి పేరు, తేదీ.

"చదవనా అమ్మా?" అనడిగాడు. అమ్మ పాత అలవాటు కొద్దీ చేత్తోనే కానిమ్మంది.

"'పీపా ఎక్కడిదండీ మాకు? అది మా అక్క ఉయ్యాల. ఇప్పటికీ అందులోనే పడుకుంటుంది.'"

నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు! కోప్పడబోయాను. కానీ అది మాస్టారి గొంతు కాదు. నెమ్మదిగా మొదలై, మధ్యలో ఎగిరి, చివరి మాట మింగేసే ఆ తీరు ఫేహీన్‌ది.

"'బార్లీయా? ఇంగ్లండు రాజుగారు తినేదేగా? మేం కళ్ళతో చూళ్ళేదు.'... 'ఆ పొగా? మా నాన్న పైపు కాలుస్తున్నాడు.'"

"వాళ్ళ నాన్న పోయి అప్పటికి ఆరేళ్ళు!" అంది అమ్మ. "చచ్చినోడి చేత కూడా పైపు కాల్పించాడు వెధవ!" నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

"ఇక్కడ నేను, 'నిజంగానా?' అనడిగాను" అని మాస్టారు చీటీ మీది చిన్న బాణం గుర్తు చూసి ఊపిరి లోపలికి పీల్చుకుంటూ, "ఆఁ" అన్నాడు.

మా వైపు అవుననడం అలాగే. కానీ అందులో సన్నటి ఈల పలికేది ఫేహీన్ నోటనే. అమ్మ కుర్చీలోంచి సగం లేచింది. పెన్సిలుతో గీసిన గీతలో మనిషి ఊపిరి ఇరవై రెండేళ్ళు నిలిచింది!

"చివరి రోజున మాత్రం నిజం చెప్పాడు. సారా బట్టీ దగ్గరికి తీసుకెళ్ళాడు" అంటూ ఆఖరి చీటీ తీశాడు. "'ష్, కదలకండి. మూత మీద సన్నగా నిలబడింది చూశారా? అది లేచిందంటే మొదటి చుక్క వస్తున్నట్టే. కుండ ఇక్కడుందని మా అమ్మకి చెప్పకండి.'"

ఆ సన్నటి ఆవిరికి ఫేహీన్ ఒక పేరు వాడాడు. వెయ్యేళ్ళ కిందట ఒక సన్యాసి పుస్తకం నకలు రాస్తూ అంచున అదే మాట రాశాడట: చలిగా ఉంది, వంటగదిలో ఇంకా అది లేవలేదు. పండితులు వందేళ్ళు కొట్టుకున్నారట. ఒకరు గంట అన్నారు, ఒకరు సాంబ్రాణి అన్నారు. మధ్యలో ఇంకెక్కడా ఆ మాట లేదు. పాపం, ఆ సన్యాసికి ఆకలేసింది, అంతే. అది తెలిసినవాడు మా అబద్ధాలకోరు ఒక్కడే. ఇంత పెద్ద విషయం మా మట్టింట్లోకి ఎలా పట్టిందా అని నాకు భయంలాంటిదేదో వేసింది.

"తీరమంతా తిరిగానమ్మా. ఎవరినడిగినా తెలీదన్నారు" అన్నాడు మాస్టారు.

"తెలీకేం? వాడికి నేర్పింది నేనే" అంది అమ్మ. "మా పుట్టింటి దీవి మాట. ఆ దీవిలో ఇప్పుడెవరూ లేరులే."

మాస్టారు కళ్ళద్దాలు తీసేశాడు. మూడు వారాలు ఆయన ముందు నోరు విప్పకుండా టీ అందించిన మనిషి!

అమ్మ పొయ్యి మీది కెటిల్‌ని చూపించింది. "అదిగో, నిలబడింది చూడు నాయనా" అని ఆ మాట అంది. నెమ్మదిగా మొదలై, మధ్యలో ఎగిరి, చివర మింగేసింది.

మాస్టారు పెన్సిలు తీసి కొత్త చీటీ మీద రాసుకున్నాడు. "మీ అమ్మగారు కూడా ఇలాగే అనేవారా?"

అమ్మ ఊపిరి లోపలికి పీల్చుకుంటూ, "ఆఁ" అంది. సన్నటి ఈలతో సహా. అని, వెంటనే నోటి మీద చెయ్యి వేసుకుంది. తన నోట్లోంచి వచ్చిన వాడి గొంతు తనే విన్నది.