ఇక్కడ అలాంటి వాళ్లెవరూ లేరు

మంగళవారం పదకొండు గంటలకి మునిసిపాలిటీ పోలీసు సందు మొదట్లో కనిపించాడో లేదో, చేపలమ్మే మిమ్మో రెండు వేళ్లు నోట్లో పెట్టి ఈల వేశాడు. ఈల విని ఎదురింటావిడ దొంగ సిగరెట్ల పెట్టెని పరుపు కిందకి తోసింది. హెల్మెట్ లేని కుర్రకారు స్కూటర్లు దిగి నడవడం మొదలెట్టారు. గుమ్మంలో కుర్చీ వేసుకుని బఠాణీలు ఒలుస్తున్న ఎర్సిలియా మాత్రం కదల్లేదు. నేపుల్స్‌లో ఆ పేటలోనే పుట్టి డెబ్భై రెండేళ్లు బతికిన మనిషికి పోలీసుతో ఎలా మాట్లాడాలో ఎవరూ ఈల వేసి చెప్పక్కర్లేదు.

అతను నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. చేతిలో అట్ట, అట్టకి బిగించిన కాగితం.

"ఈ మేడలో, మూడో అంతస్తులో, ఘనా దేశపావిడ ఉంటోందా?" అంటూ కాగితంలోంచి ఏదో పేరు చదివాడు. ఆ పేరుని ఎర్సిలియా ఈ చెవిన విని ఆ చెవిన వదిలేసింది.

"ఎవరూ?"

"నల్లావిడ. ఒంటరి మనిషి. నలభై అయిదు, నలభై ఆరు ఉంటాయి."

"ఇక్కడ అలాంటి వాళ్లెవరూ లేరు ఇన్‌స్పెక్టర్ గారూ. మూడో అంతస్తులో ఉండేవి పావురాలు. కావాలంటే వాటి పేర్లు రాసుకోండి."

అతను ఇన్‌స్పెక్టరూ కాదు, ఏమీ కాదు. ఆ పేటలో మనుషుల్ని ఒక మెట్టు పైకెక్కించి పిలవడం మర్యాద, పోలీసుల్నయితే రెండు మెట్లు. అతను నవ్వలేదు. కాగితం మీద ఏదో రాసుకుని వెళ్లిపోయాడు.

ఎర్సిలియాకి కడుపు నిండినట్టయింది. ఆ సందుకి వేదమంటూ ఉంటే అందులో ఉండేది ఒకే ఒక్క మాట: యూనిఫాం వేసుకున్నవాడు ఏమడిగినా నీకేమీ తెలియదు. ఆమె మొగుడు బతికుండగా ఓడల మీంచి దింపిన సిగరెట్లు అమ్మేవాడు. రెండుసార్లు పోలీసులొచ్చి అడిగితే ఆ పేరు గల మనిషినే ఎరగమని సందు సందంతా బొంకింది. తన వాళ్ల కోసమే ఎవరైనా అబద్ధమాడతారు. ఇవాళ మూడో అంతస్తు మారియా కోసం తను ఆడిందంటే, మారియా తమ మనిషైపోయినట్టే కదా అనుకుంది. అలా అనుకోగలిగినందుకు తన మంచితనం చూసి తనకే ముచ్చటేసింది.

మారియా అన్నది ఆమె అసలు పేరు కాదు. నాలుగేళ్ల క్రితం ఎదురు మేడలో మంచం పట్టిన టిటీనా అనే ముసలావిడని చూసుకోవడానికి వచ్చింది. టిటీనాకి ఆ అసలు పేరు నోరు తిరగలేదు. "నువ్వు మారియావి, పో" అంది. మర్నాటి నించి సందంతా మారియా అంది. ఈ చలికాలంలో టిటీనా పోయింది, కొడుకులు ఇంటికి తాళం వేశారు. ఆ మనిషి ఎర్సిలియా ఉండే మేడలోనే మూడో అంతస్తులో ఒక గది అద్దెకి తీసుకుని, వోమెరో కొండ మీద ఇంకో ముసలాయన్ని చూసుకునే పనిలో కుదిరింది.

మధ్యాహ్నం మూడు దాటాక ఆమె సంచులు మోసుకుంటూ వస్తుంటే ఎర్సిలియా కుర్చీలోంచే పిలిచింది.

"ఇటురావే మారియా. ఇవాళ నిన్ను కాపాడాను, తెలుసా."

"దేన్నించి, డొన్నా ఎర్సిలియా?" అందామె, పేటలో పెద్దావిడల్ని పిలిచే మర్యాదతో.

"పోలీసొచ్చాడు నీ కోసం. నల్లవాళ్లెవరూ లేరు, ఫో అన్నాను. రాసుకుని మరీ పోయాడు."

ఆమె సంచులు కింద పెట్టింది. పెట్టడం కూడా చాలా నెమ్మదిగా పెట్టింది, అందులో గుడ్లున్నట్టు. తర్వాత మెట్టు మీద కూలబడింది.

"రాసుకున్నాడా? మీరు చూశారా?"

"చూడ్డమేంటి, నా కళ్ల ముందే రాశాడు."

"అతని కోసం నలభై రోజులుగా ఎదురుచూస్తున్నాను, అమ్మా."

ఎర్సిలియాకి అర్థం కాలేదు. మెట్టు మీంచే ఆమె చిన్నపిల్లకి చెప్పినట్టు విడమరిచి చెప్పింది. ఇల్లు మారినప్పుడు మునిసిపాలిటీలో చెప్పాలి. చెప్పిన నలభై అయిదు రోజుల్లోగా చెప్పాపెట్టకుండా ఒక పోలీసు వచ్చి, మనిషి నిజంగా ఆ ఇంట్లోనే ఉంటోందా అని చూస్తాడు. లేదు అని రాశాడా, ఊరి జాబితాలోంచి పేరు కొట్టేస్తారు. ఈ దేశ పౌరసత్వం అడగాలంటే పదేళ్లు ఒక్క రోజు కూడా తెగకుండా ఆ జాబితాలో పేరుండాలి.

"నాకు తొమ్మిదేళ్ల పది నెలలు అయ్యాయి. ఎల్లుండి మర్నాడు, శుక్రవారం, నలభై అయిదో రోజు. ఇప్పుడు పేరు కొట్టేస్తే మళ్లీ ఒకటి నించి లెక్కపెట్టాలి. నాకు నలభై ఆరేళ్లు."

"అయితే నీకు కాగితాలున్నాయా?" అంది ఎర్సిలియా.

ఆమె తలెత్తి చూసింది. "వచ్చిన మొదటి ఏడాది నించీ ఉన్నాయి."

"మరి ఎప్పుడూ చెప్పలేదేం?"

"మీరెప్పుడూ అడగలేదుగా."

ఎర్సిలియాకి ముందు కోపమొచ్చింది. మంచికి పోతే చెడు ఎదురైనట్టు, నేనేదో కడుపులో పెట్టుకుని చూస్తే తిరిగి నన్నే అంటుందా అని గొణుక్కుంది. తలుపేసుకుని బఠాణీలు పొయ్యి మీద పెట్టింది. అవి మాడిపోతున్నా లేవలేదు. మూడో అంతస్తు వరండాలో అటూ ఇటూ నడుస్తున్న అడుగులు మెట్ల దారిలోంచి వినబడుతూనే ఉన్నాయి.

బుధవారం పొద్దున తనే మూడంతస్తులూ ఎక్కి తలుపు కొట్టింది. "నడు. ఆ ఆఫీసుకి పోదాం. నేను చెప్తాను."

ఆఫీసులో అద్దం వెనక కూర్చున్న గుమాస్తా ఎర్సిలియానే చూస్తూ మాట్లాడాడు.

"మీ పనిమనిషా అండీ?"

"పొరుగావిడ. మంగళవారం నేను పొరబాటున లేదని చెప్పాను."

"ఆ కాగితం ఇంకా మాకు చేరలేదు. నేను అతనికి చెప్తాను. వీలైతే శుక్రవారం లోగా ఇంకోసారి వస్తాడు. ఏ రోజు, ఏ గంటకి అని అడక్కండి, అది చెప్పకూడదు. ఇంట్లో ఉండమని ఈమెకి చెప్పండి."

"విన్నానండి," అంది పక్కనే నిలబడ్డ మనిషి, అతనికంటే తేటగా ఇటాలియన్‌లో.

"మీకు అర్థమయ్యేలా చెప్తారు కదా ఈమెకి," అన్నాడు గుమాస్తా ఎర్సిలియాతో. ఎర్సిలియా ఏదో అనబోయి, పని చెడుతుందని ఊరుకుంది. తర్వాత దారంతా ఆ ఊరుకోవడం ఆమెని గుచ్చుతూనే ఉంది.

గురువారం మూడో అంతస్తావిడ పనికి సెలవు పెట్టింది. రొట్టె కొనుక్కోడానికి కూడా కిందకి దిగలేదు. ఎర్సిలియాయే తెచ్చి ఇచ్చింది. సందులో ఏ బూటు చప్పుడైనా ఇద్దరూ ఉలిక్కిపడ్డారు, ఒకరు కింద, ఒకరు పైన. పోలీసు రాలేదు. సాయంత్రం కొండ మీంచి ముసలాయన కూతురు ఫోన్ చేసి, రేపు కూడా రాకపోతే వేరే మనిషిని చూసుకుంటామంది.

శుక్రవారం ఏడింటికే ఆమె వెళ్లిపోయింది. వెళ్తూ గుమ్మం దగ్గర ఆగింది.

"అతనొస్తే ఫోన్ చెయ్యండి. కొండ రైలు పట్టుకుని ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాను. అంతసేపు పోనివ్వకండి చాలు."

ఎర్సిలియా ముందు మిమ్మో కొట్టుకి వెళ్లింది.

"ఇవాళ పోలీసొస్తే ఈల వెయ్యకు. మారియా గురించి అడిగితే ఉందని చెప్పు."

మిమ్మో కత్తి ఆపి, మిర్రి మిర్రి చూశాడు. "పోలీసుకి నిజం చెప్పాలా? మీ ఆయన సమాధిలోంచి లేచొస్తాడు."

"వస్తే నేను సర్దిచెప్పుకుంటాను."

"అదీ ఒక నల్లదాని కోసం. ఇది పోతే ఇంకోతె వస్తుంది డొన్నా ఎర్సిలియా, వాళ్లకేం కరువు?"

"మొన్న నువ్వు తాజా అని అంటగట్టిన చేప మూడ్రోజులది. అప్పుడాడావు చూడు అబద్ధం, అది చాలు ఈ వారానికి."

మిమ్మో నవ్వాడు గాని, సరేనని మాత్రం అనలేదు.

పదకొండూ ఇరవైకి ఈల వినిపించింది. మిమ్మో కాదు, పై వీధిలో ఇంకెవరో. అట్ట పట్టుకుని అతను వస్తున్నాడు. ఎర్సిలియా ఫోన్ చేసి "రా" అని మాత్రం అని పెట్టేసింది.

అతను ముందు పక్క మేడలో ఇంకో విచారణ ముగించుకుని, తర్వాత పైకెళ్లి తలుపు కొట్టి వచ్చాడు. ఎవరూ పలకలేదని రాయబోతుంటే ఆమె అడ్డం నిలబడింది.

"ఉంటోంది ఇన్‌స్పెక్టర్ గారూ. పనికెళ్లింది, వచ్చేస్తోంది. కూర్చోండి, కాఫీ పెడతాను."

"కాఫీ వద్దు. మంగళవారం ఎవరూ లేరన్నారు. ఇవాళ ఉందంటున్నారు. ఇందులో అబద్ధమేది?"

"మంగళవారంది."

"పోలీసుకి అబద్ధం చెబితే ఏమవుతుందో తెలుసా మీకు?"

"తెలుసు. రాసుకోండి."

అతను రాసుకోలేదు. కలం తల కొరుకుతూ చూశాడు. "సరే. ఆవిడ పేరేంటి?"

"మారియా."

"ఇంటి పేరు?"

ఎర్సిలియా ఆ పేరు వినకపోలేదు. మంగళవారం ఈయన నోటే విన్నది. బుధవారం ఆఫీసులో పక్కనే నిలబడి ఆమె కాగితం మీద రాస్తుంటే చూసింది. ఎంత తడుముకున్నా ఒక్క అక్షరం రాలేదు.

"ఇందులో మారియా అని ఎక్కడా లేదు," అన్నాడతను. "ఎన్నేళ్లుగా ఎరుగుదురు?"

"నాలుగు."

"నాలుగేళ్ల పొరుగావిడ పేరు తెలీదు. ఇలాంటివి నేను చాలా చూశానమ్మా. వాళ్లెక్కడో ఉంటారు, ఇక్కడో చిరునామా కొనుక్కుంటారు. ఉందని చెప్పినందుకు మీకేమన్నా ముట్టిందా?"

అతను కలం మూత పెట్టాడు. ఎర్సిలియా అతని చొక్కా చెయ్యి పట్టేసుకుంది. పోలీసు చెయ్యి పట్టుకోవడం ఆ సందు పుట్టాక అదే మొదలేమో. మిమ్మో కొట్లో కత్తి చప్పుడు ఆగిపోయింది.

"పేరు తెలీదు. మిగతాదంతా తెలుసు. పొద్దున్నే అయిదుంబావుకి లేస్తుంది, బకెట్టు జరిపితే కింద నాకు వినిపిస్తుంది. ఎడమ మోకాలు నొప్పి, రెండో అంతస్తు మలుపులో ఆగి ఊపిరి తీసుకుంటుంది. ఆదివారం గుడ్డలుతుకుతూ పాడుతుంది, మా భాష కాదది. వేరుశనగ పులుసు కాస్తే మెట్లంతా వాసన. పోయిన నెల నాకు జ్వరమొస్తే మూడు రోజులు దిగొచ్చి చూసింది. నా కోడలు రాలేదు, అది వచ్చింది. ఆ గదిలో ఉండకపోతే ఇవన్నీ నాకెలా తెలుస్తాయి చెప్పండి?"

అతను చెయ్యి విడిపించుకోలేదు. "ఇంత తెలిసినావిడ మంగళవారం ఎందుకు లేదన్నారు?"

అప్పుడే సందు మలుపులో పరుగు వినిపించింది. ఆమె వచ్చింది. ప్లాస్టిక్ ఫైలు ఒకటి గుండెకి హత్తుకుని, రొప్పుతూ, నాలుగడుగుల దూరంలో ఆగిపోయింది. ఎర్సిలియా ఆమెని చూసింది. ఏదో ఒక సాకు చెప్పొచ్చు. మతిమరుపనొచ్చు, ముసలితనమనొచ్చు. కానీ సాకు చెబితే ఇతను నమ్మడు, నమ్మకపోతే ఆ పదేళ్లూ గంగలో కలుస్తాయి. సిగ్గేస్తున్నా, ఆమె మొహం చూస్తూనే చెప్పింది.

"పోలీసొచ్చి నల్లావిడ కావాలన్నాడు. దొంగతనంగా ఉంటోంది, పట్టుకుపోతాడు అనుకున్నాను. నాలుగేళ్లూ అలాగే అనుకుంటున్నాను. కాగితాలు సరిగ్గా ఉంటాయన్న ఊహే రాలేదు నాకు."

ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ఎప్పుడో తెలిసిన కబురు ఇంకోసారి విన్నట్టుంది.

పోలీసు మొహం మాత్రం విప్పారింది. ఆ రోజు మొదటిసారి నవ్వాడు.

"ఈ మాట నమ్మొచ్చు," అన్నాడు. "నేనైనా అదే అనుకునేవాణ్ణి."

మళ్లీ మూత తీసి చకచకా రాయడం మొదలెట్టాడు. ఆమె ముందుకొచ్చి ఫైలు తెరిచింది. అద్దె ఒప్పందం, పని ఒప్పందం, గ్యాసు బిల్లు, గుర్తింపు కార్డు, అన్నీ వరసగా పేర్చి ఉన్నాయి. అతను తలెత్తకుండానే చెయ్యూపాడు, వద్దని. కాగితం ఎర్సిలియా వైపు తిప్పి వేలు పెట్టి చూపించాడు.

"ఇక్కడ సంతకం పెట్టండమ్మా."

ఎర్సిలియా పెట్టింది.

"నేనెక్కడ పెట్టాలండీ?" అంది ఆమె.

"నీది అక్కర్లేదు. ఈవిడ చెప్పింది చాలు."

అతను అట్ట చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. పదేళ్లు నిలబడ్డాయి. ఎర్సిలియా వచ్చి కుర్చీలో కూర్చుంది. ఏమని పిలవాలో తెలియక ఆమె కేసి చూసింది. మారియా అన్న మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది.

"నీ పేరు చెప్పు," అంది చివరికి. "ఇంకెప్పుడైనా ఎవరైనా అడిగితే..."

కొండ మీద ముసలాయనకి మందులు వెయ్యాల్సిన వేళ దాటిపోతోంది. ఆమె ఫైలు మూసి, తెచ్చి ఎర్సిలియా ఒళ్లో పెట్టింది.

"ప్రతి కాగితం మీదా రాసే ఉందమ్మా. ఆయనెలాగూ చదవలేదు, మీరు చదవండి. సాయంత్రం వచ్చి తీసుకుంటాను."

గబగబా సందు దాటి కొండ రైలు వైపు వెళ్లిపోయింది. ఎర్సిలియా ఫైలు పట్టుకుని లోపలికి వెళ్లి, కళ్లద్దాల కోసం వెతుక్కుంది.