సూది అచ్చిరాని ఇల్లు

"పాజిటివ్ అమ్మా. కంగ్రాట్స్," అంది డాక్టర్ గౌతమి, కంప్యూటర్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

ప్రజ్ఞకు నవ్వాగలేదు. పక్క కుర్చీలో జగన్ హెల్మెట్‌ను ఒళ్ళో పెట్టుకుని, అప్పుడే పుట్టిన పిల్లను పట్టుకున్నంత జాగ్రత్తగా రెండు చేతులతో పట్టుకున్నాడు. అది చూసి ఇంకా నవ్వొచ్చింది. ఆషాఢమంతా సైనిక్‌పురిలో పుట్టింట్లో గడిపి, శ్రావణం రాగానే నాచారానికి తిరిగొచ్చిన కొత్త కోడలామె. పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆమెకు ప్రతిదీ పండగే. మిద్దె మీద తన చున్నీ జగన్ చొక్కాతో ముడిపడిపోయినా పండగే. వానలో బండి ఆగిపోతే ఇద్దరూ తోసుకుంటూ రావడమూ పండగే. అలాంటిది ఈ మాట విన్నాక ఆ గదిలో ఫ్యాను తిరిగే చప్పుడు కూడా ఆమెకు ముద్దుగా వినిపించింది.

"ఇంట్లో ఎవరెవరుంటారు?" డాక్టర్ అడిగింది.

"అత్తమ్మ, మామయ్య, మేమిద్దరం. అత్తమ్మకు షుగర్. మామయ్య చాలా ఏళ్ళు ఇనుము పోతపోసే ఫ్యాక్టరీలో చేశారు, ఊపిరితిత్తులు పాడయ్యాయి. నాకు చిన్నప్పట్నుంచీ ఆస్తమా."

డాక్టర్ ఈసారి కంప్యూటర్ వదిలి ఇటు తిరిగింది. "అయితే మీ ఇంట్లో ఫ్లూ వస్తే తట్టుకోగలిగేది ఈయనొక్కడే. ఈ వానల్లో కేసులు బాగా వస్తున్నాయి. అందరూ ఫ్లూ ఇంజెక్షన్ వేయించుకోండి. నువ్వూ వేయించుకోవచ్చు, బిడ్డకేం కాదు. మీ మామగారి విషయంలో మాత్రం అస్సలు ఆలస్యం చేయొద్దు."

"సూస్తం మేడం," అన్నాడు జగన్. ఆ గొంతులో సంతోషం అప్పటికే కాస్త తగ్గింది.

బయట ఉప్పల్ చౌరస్తాలో సన్నగా చినుకులు. మెట్రో వంతెన కింద బండి ఆపి, జగన్ వేడివేడి మిర్చి బజ్జీలు కొనుక్కొచ్చాడు. "పిల్లదానికి కారమెట్లుంటదో ఇప్పట్నుంచే ఎరుక గావాలె," అన్నాడు.

"పిల్లదని ఎవరు చెప్పారు?"

"నేను జెప్తున్న."

నోరు కాలుతుంటే నవ్వుకుంటూ తిన్నారు. ఆఖరి ముక్క దగ్గర జగన్ మెల్లగా అన్నాడు. "ప్రజ్ఞా, ఈ కబురు ఇయ్యాల జెప్దాం. సూది ముచ్చట మల్ల. నాల్గు రోజులాగు, అమ్మకు నేనే జెప్త."

ఎందుకని ఆమె అడగలేదు. ముందు గదిలో దండ వేసిన ఫొటో గురించి పెళ్ళికి ముందే చెప్పాడు. వాళ్ళన్న యాదగిరి కరోనా రెండో ఏడు టీకా వేయించుకున్నాడు. వారం తిరక్కుండానే పని చేసే చోట కుప్పకూలిపోయాడు. గుండె ముందే చెడింది, టీకా వల్ల కాదు అన్నారు డాక్టర్లు. ఆ మాట ఇంట్లో ఎవరి చెవికీ ఎక్కలేదు.

ఆ ఇంటికి అచ్చిరానివి అంతకుముందే చాలా ఉన్నాయి. గుమ్మడి వడియాలు పెట్టరు. ఎప్పుడో వడియాలు ఎండబెట్టిన రోజునే ముత్తవ్వ పోయిందట. ఇంట్లో బాతుల్ని పెంచరు. యాదగిరి పోయాక ఆ వరసలోకి సూది కూడా చేరింది. అత్త రుక్కమ్మ షుగరుకి మాత్రలు మింగుతుంది గాని, ఒక డాక్టర్ ఇన్సులిన్ మాటెత్తితే చెప్పులేసుకుని లేచొచ్చేసింది.

కబురు విన్న రుక్కమ్మ వంటింట్లోంచి పిడికెడు చక్కెర తెచ్చి కోడలి నోట్లో పోసింది. చేతికంటిన చక్కెర తను నాకబోయి, షుగరు గుర్తొచ్చి మొగుడి నోట్లో వేలు పెట్టింది. బిక్షపతి ఆయాసపడుతూనే నవ్వాడు.

"బిడ్డా, ఒక్కటే అడుగుత. నీ పేరు పలికేసరికే నాకు దమ్మొస్తది. పుట్టేటోళ్ళకన్న జర చిన్న పేరు పెట్టుండ్రి."

"సిరి అని పెడతాం మామయ్యా."

"ఆఁ! గది మంచిగున్నది. ఒక్క దమ్ముల అయిపోతది."

అట్లా నాలుగు రోజులు గడిచాయి, ఆ పైన మరికొన్ని. బిక్షపతి సర్వపిండిలో కరకరలాడే అంచులన్నీ విరిచి కోడలికి దాచిపెట్టేవాడు. రుక్కమ్మ ఆమె జుట్టుకు నూనె రాసేది. ఆ వేళ్ళ కింద కళ్ళు మూసుకుని కూర్చున్నప్పుడు సూది మాట నాలుక చివరిదాకా వచ్చేది. ఈ పూటకి పాడు చేయడమెందుకులే అనుకుని ప్రజ్ఞ మింగేసేది. జగన్ కూడా అంతే. పొద్దున ఫార్మా కంపెనీకి వెళ్ళేటప్పుడు "సాయంత్రం జెప్త" అనేవాడు, సాయంత్రం తల్లి మొహం చూసి టీవీ పెట్టేవాడు.

సంగతి విని ప్రజ్ఞ తల్లి రత్నకుమారి ఫోన్లో కేకలేసింది. "నువ్వొక్కదానివీ వెళ్ళి వేయించేసుకోవే. మీ అత్తగారికి చెప్పి చేయాలా ఏమన్నా?"

"నేను వేయించుకుంటే మామయ్యకి ఏం లాభమమ్మా?"

"ముందు నీ సంగతి చూసుకో!"

దొంగతనంగా వేయించుకోవడం ప్రజ్ఞకు చేతకాలేదు. చివరికి ఓ మధ్యాహ్నం అన్నాల దగ్గర ధైర్యం చేసి, డాక్టర్ చెప్పినదంతా చెప్పేసింది.

రుక్కమ్మ చేతిలో గరిటె పప్పుగిన్నెలోనే ఆగిపోయింది. "మా ఇంటికి సూది అచ్చిరాది బిడ్డ."

"ఇది ఆ టీకా కాదత్తమ్మా. ఫ్లూకి వేరే..."

"సూది సూదే. ఒక్కణ్ణి ఇచ్చిన, సాలదా? కడుపుతోటున్న దానివి, నిన్ను గూడ ఇయ్యాల్నా?" ఆమె కంచం ముందు నుంచి లేచిపోయింది. ఆ పూట ఆమె తినలేదు.

సాయంత్రం బిక్షపతి కోడల్ని వాకిట్లోకి పిలిచి కుర్చీ చూపించాడు. ఊపిరి కూడదీసుకుని మాట్లాడాడు. "నాకు భయం లేదు బిడ్డా. నేను ఏపిచ్చుకుంట. గని ఇప్పుడే అంటే, దినాం పొద్దుగాల నా ముక్కు కాడ ఏలు పెట్టి సూస్తది మీ అత్త, బతికున్ననా లేదా అని. పెద్దోడు పోయినంక మస్తు రోజులు జగన్‌గానికి గట్లనే జేసింది. వినాయక చవితి పోనీ. నేను సముదాయిస్త."

"డాక్టర్ ఆలస్యం చేయొద్దన్నారు మామయ్యా."

"ఇన్నేండ్లు నడిచిన ఊపిరి, ఇంకో వారం నడ్వదా?"

ఆయన నవ్వితే ఆమె కూడా నవ్వింది. చవితి దాకానే కదా అనుకుంది.

చవితి రాకముందే జగన్‌కు జ్వరమొచ్చింది. కంపెనీలో సగం మంది దగ్గుతున్నారట. ప్రజ్ఞను వెంటనే పైగదిలోకి పంపేశారు. జగన్ మూతికి గుడ్డ కట్టుకుని ఓ మూల పడుకున్నాడు. మూడు గదుల ఇంట్లో ఎవరు ఎవరికెంత దూరం ఉండగలరు? జగన్ కోలుకుని లేచి తిరిగేసరికి, అదే జ్వరం అంటుకుని బిక్షపతి పడిపోయాడు. పెదాలు నీలమయ్యాయి. ఉప్పల్‌లో ఆసుపత్రికి చేర్చేసరికి మాట లేదు.

ప్రజ్ఞను లోపలికి రానివ్వలేదు. అద్దంలోంచి చూసింది. ముఖమంతా కప్పిన మాస్కు, గుడ్డ కింద ఎగిసెగిసి పడుతున్న డొక్కలు. ఆయనామెను గుర్తుపట్టి, దూరంగా వెళ్ళమన్నట్టు చెయ్యి ఊపాడు. ఆ చెయ్యి మళ్ళీ లేవలేదు. ఫ్లూ ముదిరి న్యుమోనియా అయిందన్నారు. ఊపిరికి గొట్టం వేశారు. అది తీయకముందే ఆయన పోయాడు.

మూడో రోజు కాకికి ముద్ద పెట్టి వచ్చాక ఇల్లంతా బంధువులు నిండారు. ప్రజ్ఞ గోడకు చేరబడి కూర్చుంది. వాంతులతో మొహం పీక్కుపోయింది. తలుపు పక్కన ఆయన కుర్చీ ఉంది, అందులో ఎవరూ కూర్చోలేదు. ఇష్టంగా దాచుకున్న ఆ నాలుగు రోజులూ ఇప్పుడామెకు ముళ్ళలా గుచ్చుకుంటున్నాయి. అప్పుడే నోరు తెరిచి ఉంటే, మొదటి రోజే గొడవపడి ఉంటే, అత్తమ్మ నాలుగు పూటలు తినకపోతే తినకపోయేది. ఆయన ఉండేవాడేమో.

బిక్షపతి చెల్లెలు అంజమ్మ వస్తూనే గుండెలు బాదుకుంది. "కోడలు కడుపుల కాయతోని ఇంట్ల తిరుగుతున్నది, మా అన్నను మింగింది!" అని నింద వేస్తూనే, మళ్ళీ ప్రజ్ఞనే కావలించుకుని ఏడవబోయింది. ఏడుపు మధ్యలో దగ్గు తెర ముంచుకొచ్చింది. తడి దగ్గు. ఆగకుండా వస్తోంది.

అంతవరకూ రాయిలా కూర్చున్న రుక్కమ్మ ఒక్క ఉదుటున లేచింది. ఆడబిడ్డ భుజం పట్టి అవతలికి లాగింది.

"దాని మీద పడకు. అవుతల కూసో."

"అయ్యో వదినె, నేను పరాయిదాన్నా?"

"నీకు దగ్గున్నది. అవుతల కూసో అంటున్న."

రుక్కమ్మ కోడలి ముందు చతికిలబడింది. ఏడ్చి ఏడ్చి గొంతు బొంగురుపోయింది. "ఆ డాక్టరమ్మ ఏమన్నది? మల్లొక్కసారి జెప్పు."

ప్రజ్ఞ చెప్పింది. వేయించుకున్నా జ్వరం రాదని కాదు, వచ్చినా ప్రాణం మీదికి రాకుండా చాలావరకు కాపాడుతుందని చెప్పింది.

"మీ మామ ఏపిచ్చుకుంటే బతికేటోడా?"

"బతికే ఆస్కారం ఎక్కువుండేది అత్తమ్మా. తప్పకుండా బతికేవారని మాత్రం అనలేను."

"పెద్దోడు?"

ప్రజ్ఞ డాక్టర్లన్న మాటే మళ్ళీ అప్పజెప్పొచ్చు. ఆ మాట ఇన్నేళ్ళలో ఈమెకు ఒక్క రోజూ నిద్ర తేలేదు. "గుండె జబ్బన్నారు. అదే నిజమని నేననుకుంటున్నా. నేనప్పుడు లేను. మీరున్నారు."

రుక్కమ్మ ఫొటో వంక చూసింది. "ఒకడు ఏపిచ్చుకొని పోయిండు. ఒకడు ఏపిచ్చుకోక పోయిండు. ఎవర్ని అడగాలె నేను?" అంది. ఆమె తన అరచెయ్యి ప్రజ్ఞ పొట్ట మీద ఆనించింది.

"నాకిప్పుడు గూడ భయమే బిడ్డ. నమ్మకం కుదిరిందని అనుకోకు. గని ఊకె కూసుంటే ఏమయితదో సూసిన." కొంగుతో ముక్కు తుడుచుకుని కొడుకు వైపు తిరిగింది. "జగన్, ఆటో మాట్లాడు. రేపు పొద్దుగాల ముగ్గురం ఉప్పల్ పోదాం."

"దినాలు కాకముందే గడప దాటుతవా వదినె?" అంజమ్మ నోరు నొక్కుకుంది. "నల్గురేమంటరు?"

"అననియ్యి," అంది రుక్కమ్మ. "రేపు ముందు నాకెయ్యమంట. ఎన్క దీనికి."

"కాదత్తమ్మా. ఒకరి తర్వాత ఒకరు చూసుకుంటూ కూర్చోవద్దు. పక్కపక్కన కూర్చుని ఇద్దరం వేయించుకుందాం."

రుక్కమ్మ నేల మీద చెయ్యి ఆనించి లేచింది. "సరే. ఇద్దరం. పొద్దుగాల తొందరగ లేచి ఇంత తిను, ఖాళీ కడుపుతోని రావద్దు."