కెప్టెన్ ప్రూయిట్ సంతకం వెనక

ఏలూరులో చరిత్ర పాఠాలు చెప్పిన శౌరయ్య, కాన్‌బెర్రా వచ్చాక సిటీ బస్సు నడిపాడు. సెలవు దొరికితే చాలు, అమెరికా అంతర్యుద్ధంలో పోరాడిన అధికారుల సంతకాల కోసం పాత కాగితాల వేలాలన్నీ గాలించేవాడు. ఆయన చనిపోయిన ఏడాదికి, భార్య సుగుణకుమారి ఆయన సంతకాలు అతికించిన ఆల్బమ్‌ను యూనివర్సిటీ లైబ్రరీకి ఇవ్వాలనుకుంది. కాన్‌బెర్రా శివారు హారిసన్‌లోని ఆమె ఇంట్లో అద్దెకుంటున్న స్పందన చదువుతున్నది పాత కాగితాలను కాపాడే విద్యే. పుటలు సరిచేసే పని ఆ అమ్మాయి తీసుకుంది.

కెప్టెన్ హార్లన్ ప్రూయిట్ అన్న సంతకం ఒక చిన్న ముక్క. ఏదో ఉత్తరం అడుగు నుంచి కత్తిరించింది. స్పందన తడి అద్దుడు కాగితంతో జిగురు మెత్తబరిచి దాన్ని పైకి లేపింది. వెనకవైపు ఒక పంక్తి ఉంది: ‘తను భయపడలేదని చెప్పమన్నాడు.’

ఎవరు, ఎవరికి చెప్పమన్నాడో ఆ రాత్రంతా ఆమెకు అదే ఆలోచన. మర్నాడు ప్రూయిట్ దళం వివరాలు వెతికి, ఆ దళం ఉత్తరాలు దాచిన ఒహాయోలోని ఒక చిన్న గ్రంథాలయానికి రాసింది. మూడు వారాలకు జవాబు వచ్చింది. సైనిక ఆసుపత్రిలో జ్వరంతో పోయిన పందొమ్మిదేళ్ల కుర్రాడి తల్లికి కెప్టెన్ రాసిన ఉత్తరం వాళ్ల దగ్గరుంది. సంతకం ఉండాల్సిన చోట కన్నం. వెనక పుటలో ‘చివరగా మీ అబ్బాయి మీకు’ అన్న మాటల తర్వాత అదే కన్నం.

స్పందన సంకోచిస్తూ సుగుణకుమారికి విషయం చెప్పింది. అది శౌరయ్య అంకుల్‌కి ఎంతో ఇష్టమైన సంతకమని ఆమెకు తెలుసు.

సుగుణకుమారి ఇరవై రెండేళ్లు ఐసీయూలో నర్సుగా చేసిన మనిషి.

“బిడ్డ పోయాడని ఫోన్ చేసి చెప్పినప్పుడల్లా తల్లులు అడిగేది ఒకటేనమ్మా, లాస్ట్‌లో ఏమన్నాడూ అని. ఆ తల్లి దగ్గర్నుంచి ఆ మాటే కోసేశారు. పంపించేద్దాం.”

“అంకుల్ ఉంటే ఒప్పుకునేవారా ఆంటీ?”

“రెండ్రోజులు బాధపడేవారు. తర్వాత ఆయనే పోస్టాఫీసుకి తీసుకెళ్లేవారు.”

ముక్క చేరాక గ్రంథాలయం వాళ్లు దాన్ని ఉత్తరంలో అతికించి ఫొటో పంపారు. సుగుణకుమారి మొదట్నుంచి చదివి వినిపించమంది. కన్నం పూడిన చోటికి వచ్చేసరికి స్పందన ఆగి, ఫోన్ ఆమె వైపు చాపింది. సుగుణకుమారి ఫోన్ అందుకుని, ఆ వాక్యం తనే మెల్లగా పూర్తిచేసింది.