ఖద్దరుకు పాత పగ

అమీర్‌పేట హాస్టళ్ల గల్లీలో పొద్దున అందరికంటే ముందు లేచేది సీతాబాయి నోరు. ఇస్త్రీ బండి మీద దుప్పటి పరిచి, నీళ్లు చిలకరించి, మొదటి చొక్కా విదిలించేలోపే ఎవరినో ఒకరిని అందుకునేది. మ్యాన్‌హోల్ మూత ఎత్తుకుపోయినవాణ్ని, పైనుంచి ఎంగిలి నీళ్లు గుమ్మరించే హాస్టల్ వంటవాణ్ని, ఓటేయించుకుని మొహం చాటేసిన కార్పొరేటర్ని. తిట్టేకొద్దీ కుడి అరచెయ్యి కాగేది. కాగిన చెయ్యి ఆన్చి లాగితే ముడతలు పోయేవి. ఆమెకు ఇస్త్రీ పెట్టె లేదు, ఎప్పుడూ లేదు. ఇంటర్వ్యూలకు వెళ్లే పిల్లలు చొక్కాలు పడేసి, కాలర్ గట్టిగా రావాలని చెప్పి పోయేవాళ్లు. ఎదురు టీకొట్టు మొగిలయ్య చల్లారిన గ్లాసు తెచ్చి ఆమె చేతిలో పెట్టి, పొగలొచ్చాక తీసుకుపోయేవాడు.

ఏ బట్టకు ఏ కోపమో సీతాబాయికి తెలుసు. టెర్రికాట్‌కు చిరాకు చాలు. కాటన్ చీరకు ఇరుగుపొరుగు మీది కోపం కావాలి. పట్టుకైతే అలక, అదీ పైపైన. గంజి పెట్టిన ఖద్దరుకు మాత్రం పాత పగే కావాలి. అందుకు మరిది హనుమాండ్లును తలచుకునేది. మొగుడి దినాలు కాకముందే బల్కంపేట ఇంటికి తాళమేసి ఆమెను రోడ్డు మీద నిలబెట్టినవాడు. ఆ ఒక్కడి పేరు మీద ఎన్ని ఖద్దరు లాల్చీలు నిటారుగా నిలబడ్డాయో లెక్కలేదు.

బండి ఆనుకున్న ప్రహరీని, దాని వెనకాల మేడను ‘తళతళ’ అనే లాండ్రీ కంపెనీ లీజుకు తీసుకుంది. ఆఫీసు పంజాగుట్టలో. యజమాని ఫణీంద్ర నలగని చొక్కాతో, నలగని నవ్వుతో బండి దగ్గరికొచ్చాడు.

“సీతాబాయి గారూ, మీ చేతిలో విద్య మీతోనే పోకూడదండీ. ఈ గ్లవ్ తొడుక్కుని మీ పని మీరు చేసుకోండి. చెయ్యి ఎలా కదులుతుందో, ఎంత కాగుతుందో అంతా చూసి మా ఏఐ మోడల్ నేర్చుకుంటుంది. ఊరూరా మెషీన్లు మీలాగే ఇస్త్రీ చేస్తాయి.”

“నేర్చుకున్నంక నా బండి?”

“మీకు ఇంక రెస్టేనండీ. ఈ గోడ పక్కన మాకు పార్కింగ్ కావాలి.”

“తొడుక్కోకుంటే?”

“రెస్టు రేపట్నుంచే మొదలవుతుందండీ.”

గారు అంటూనే గొంతు మీద కాలేసే జాతి. సీతాబాయి గ్లవ్ తొడుక్కుంది. ఆ పూట ఖద్దరుకు హనుమాండ్లుతో పనిపడలేదు.

చలికాలమంతా గ్లవ్ ఆమె చేతిని తాగింది. క్లౌడ్‌లో పెడితే ఎవడో దొంగిలిస్తాడని ఫణీంద్ర రికార్డింగులూ మోడలూ అన్నీ ఒకే హార్డ్ డిస్కులో పెట్టుకుని జేబులో తిప్పుకునేవాడు. ఎదుటివాళ్ల చేతిలోది లాక్కునేవాడికి తన జేబు గురించి అంత భయం. గ్లవ్ మైకులో పడ్డ తిట్లను మాత్రం రొద అని కత్తిరించి పారేయించాడు. తీరా మెషీన్ మొదటిరోజే ఎవరిదో పట్టుచీర మాడ్చింది, ఖద్దరును తడితడిగానే వదిలేసింది. చెయ్యి ఎటు కదలాలో దానికి వచ్చింది, ఎంత కాగాలో రాలేదు.

పారేసిందే అసలు సరుకని అప్పటికి ఫణీంద్ర తలకెక్కింది. ఏ తిట్టు ఏ బట్టకో గుర్తించమని, సీతాబాయి ఊరికే ఉంటే రెచ్చగొట్టి తిట్టించమని తన ఆఫీసులో పనిచేసే శ్రీలేఖను పంపాడు. కాకినాడ పిల్ల, ఆ గల్లీలోనే హాస్టల్. బండి ముందు నిలబడి ఫోన్ చూస్తూ చదివింది:

“ఆంటీ, మీకు అసలు పద్ధతి లేదండీ.”

“ఇది తిట్టా, పెండ్లి పిలుపా? ఎవలు రాసిచ్చిన్రే?”

“మా సర్ అండీ.”

“నిన్ను సుత గిట్లనే తిడ్తడా?”

“బుర్రలో గడ్డి ఉందా అంటారు. అందరి ముందే.”

“నువ్వేమంటవ్?”

“సారీ సర్ అంటాను.”

ఆ మాటకు లేచిన వేడితో సీతాబాయి రెండు ప్యాంట్లు చేసేసింది. “రోజూ నీ చప్పిడి తిట్లు వినలేక చస్తున్న. ముందుగాల అండీ తీసెయ్. తిట్టుకు తోకెందుకే?”

అలా మొదలైంది చదువు. పిల్ల రోజూ రావడం, తిట్టడం, సీతాబాయి దిద్దడం. “గొంతుల నుంచి కాదు, పొట్టల నుంచి రావాలె. మీ సార్ మొహం ముంగట పెట్టుకో.” ఒక మధ్యాహ్నం పిల్ల చేతికింది రుమాలు దానంతటదే సాపైంది. వేళ్ల సందుల్లోంచి సన్నగా ఆవిరి.

ఖర్మ కాలి ఫణీంద్ర కారు అప్పుడే ఆగింది. రుమాలు చూశాడు, పిల్ల చెయ్యి చూశాడు.

“ఇంగ్లీష్ వచ్చిన చెయ్యే దొరికిందన్నమాట. ఇంక ఈ ముసలిదానితో పనేంటి?” గారు ఎక్కడ జారిపోయిందో ఏమో. “రేపు బండి ఎత్తించేద్దాం. గ్లవ్ నువ్వే తొడుక్కో శ్రీలేఖా. బుర్రలో గడ్డి ఉన్నా చెయ్యి పనికొచ్చింది. ఇదిగో డిస్కు, కొత్త రికార్డింగులు ఇందులోనే ఎక్కించు.”

హనుమాండ్లు కోసం దాచిపెట్టుకున్న తిట్టొకటి సీతాబాయి నాలుక చివరికి వచ్చింది. అది బయటపడేలోపే, అందుకున్న డిస్కు మీద పిల్ల పిడికిలి బిగిసింది.

కాలిన వాసన. వేళ్ల మధ్యనుంచి నల్లగా, బెల్లం పాకంలా జారి ఫణీంద్ర బూటు మీద పడింది. వేడి సంగతి సీతాబాయికి చెప్పక్కర్లేదు. అది చిరాకు కాదు, అలక కాదు. ఖద్దరు వేడి. ఇంత లేత చేతిలో అంత పాత పగ. మింగిన సారీలన్నీ ఒక్కచోట మాగినట్టున్నాయి.

“సారీ,” అంది శ్రీలేఖ.

సర్ అనలేదు.

ఉద్యోగం ఆ సాయంత్రమే పోయింది. పెట్టుబడి పెట్టినవాళ్లకు చూపించడానికేమీ మిగలక ఫణీంద్ర కంపెనీ, బండి జోలికి రాకుండానే, వారం తిరక్కుండా మేడ ఖాళీ చేసింది. గోడ మీద కోచింగ్ సెంటర్ బోర్డు వెలిసింది. వాళ్లకు కావలసింది పార్కింగ్ కాదు, ఇస్త్రీ చొక్కాలు.

బోర్డు వెలిసిన పొద్దున సీతాబాయి ఖద్దరు లాల్చీ పరిచి హనుమాండ్లును అందుకుంది. చెయ్యి కాగలేదు. వంటవాణ్ని, కార్పొరేటర్ని, ఫణీంద్రను వరుసబెట్టి తిట్టింది. చల్లగానే ఉంది. మొగిలయ్య గ్లాసు ఆమె చేతిలో కాసేపు ఉంచి, పొగ రాకపోయేసరికి వెనక్కి తీసుకున్నాడు. ఇన్నేళ్లలో ఆమె కోసం ఇంకొకరు పిడికిలి బిగించడం అదే మొదలు. అది రోజురోజుకూ లోపలికి ఇంకి పాత కోపాలన్నిటినీ ఆర్పేసింది.

శ్రీలేఖ బ్యాగు భుజానేసుకుని వచ్చింది. “హాస్టల్ ఖాళీ చేస్తున్నా ఆంటీ. చెప్పి వెళ్దామని.”

“చేసిందంత చేసి చెప్పిపోతవా? నా చెయ్యి సల్లవెట్టినవ్ గదనే. గీ అంగీలన్ని ఎవలు చెయ్యాలె, మీ నాయనా?”

పిల్ల ఆ చేతిని పట్టుకుని చూసింది. బ్యాగు బండి కింద పెట్టి, లాల్చీ ముందుకు లాక్కుంది.

“ఖద్దరుకు పాతది కావాలె. ఉన్నరా ఎవలన్న?”

“చాలామంది ఉన్నారు.”

“కాలర్ ఉల్టా దిక్కునుంచి చెయ్, దరిద్రమా,” అని సీతాబాయి ఆ బండి పక్కన మొదటిసారి కూర్చుంది.

మొగిలయ్య చల్లారిన గ్లాసు తెచ్చి పిల్ల చేతిలో పెట్టాడు.