మాడిన రొట్టె రంగు పోతు

పెదవి ఎత్తి పళ్ళు చూడాలి. కింది పళ్ళు పై చిగుళ్ళకు సరిగ్గా ఆనాలి, ముందుకు పొడుచుకు రాకూడదు. విత్తులు రెండూ సమానంగా ఉన్నాయో లేదో తడిమి చూడాలి. పక్కటెముకల మీద ఉన్ని విడదీసి చెంపకు ఆనించుకోవాలి. ఎదురుగా నిలబడి నడక చూడాలి. వెనక నుంచి చప్పట్లు కొట్టాలి, చెవి తిప్పకపోతే అది చెవిటిది. ఎవరు పెంచారో తప్పకుండా అడగాలి. సంతకు మందలోని ఒక ముసలి ఆడదాన్ని వెంట తోలుకుపోవాలి. ఒంటరి పోతు తెలియని దారిలో కాళ్ళు మడుచుకుని కూర్చుందంటే దేవుడు దిగొచ్చినా లేవదు.

కొండల్లో ఉన్ని కోసం పెంచే పొడుగు మెడ జంతువు అల్పాకా, దాని పోతును కొనేటప్పుడు చేయాల్సినవంటూ ఇవన్నీ నికాసియా తుర్పోకు వాళ్ళమ్మ హిలారియా చెప్పినవే. హిలారియా పోయి రెండు వానాకాలాలైంది. ఆమె మిగిల్చిన పద్నాలుగు ఆడవాటిలో ఒక్కటీ తెల్లది లేదు. తడిరాయి రంగువి, కాల్చిన బార్లీ రంగువి, మాడిన రొట్టె రంగువి. "అన్నీ తెల్లవైతే మంచులో మనది ఏదో ఎలా తెలుస్తుందే?" అనేది ఆమె.

మందలోని పోతు మొన్న పిడుగు పడి చచ్చింది. జనవరి వానలతో చూలు కట్టే కాలం మొదలయ్యేలోపు ఇంకో పోతు రాకపోతే ఈ ఏడు పిల్లలుండవు. తెల్లపోతును కలిపితే పిల్లలుంటాయి, కానీ నాలుగు తరాలు తిరిగేసరికి ఆ రంగులుండవు.

పెంపకందారుల సంఘం పెద్ద, ఊరంతా గౌరవంగా 'దోన్' అని పిలిచే అబ్దోన్ లరికో మాత్రం తేల్చి చెప్పేశాడు. మిల్లుకు తెల్ల ఉన్ని కావాలి. రంగు పోతును కొన్నవాళ్ళ మంద ఊరి ఉమ్మడి పచ్చిక అయిన తడిమేతలో అడుగు పెట్టకూడదు.

సంతలో నికాసియా వెనక ముసలి అల్పాకా కనబడగానే అతను పెద్దగా నవ్వాడు.

"ఏం నికాసియా, మీ అమ్మమ్మను అమ్మకానికి తెచ్చావా?"

"లేదు దోన్ అబ్దోన్, సంఘానికి పెద్దగా నిలబెడదామని తెచ్చాను. మీలాగే ఇదీ ఎవరి మాటా వినదు."

చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అబ్దోన్‌ మాత్రం నవ్వు ఆపేసి, సంఘం కోసం తాను బేరమాడుతున్న పోతును చూపించాడు. మంచు ముద్దలా ఉంది. చెవులకు గులాబీ రంగు కుచ్చులు. తాడు లేకుండానే జనం మధ్య తిరుగుతూ ఒకరి టోపీ వాసన చూస్తోంది, ఇంకొకరి సంచిలో మూతి పెడుతోంది.

"చూడు, కుక్కపిల్లలా ఎలా వస్తోందో! నీ నల్లవాటిలో ఒక్కటైనా ఇలా వస్తుందా?"

పళ్ళు బాగున్నాయి. నడక బాగుంది. ఉన్ని విడదీసి చూస్తే అదీ పట్టులా ఉంది. నికాసియా అమ్మేవాడి వైపు తిరిగింది.

"దీన్ని ఎవరు పెంచారు తమ్ముడూ?"

"మేమే అక్కా, వంటింట్లో! తల్లి చచ్చిపోతే సీసాపాలు పట్టాం. మా పిల్లల పక్కనే పడుకునేది" అన్నాడతను గర్వంగా.

"అయితే ఇది మనుషుల్నే తన మంద అనుకుంటోంది" అంది నికాసియా. "ఇప్పుడు ఈడొచ్చింది. మగాళ్ళందరూ దీనికి పోటీ పోతుల్లానే కనబడతారు. ముద్దుకు పెంచుకోవాలంటే విత్తు కొట్టించినవాటిని కొనుక్కోండి దోన్ అబ్దోన్, అదీ ఒక్కదాన్ని కాదు, ఒకదానికొకటి తోడుగా రెండింటిని. మందకు మాత్రం ఇది వద్దు."

"నీ రంగుల పిచ్చికి ఇదో సాకా?"

"నా మాట నమ్మొద్దు. దానికి వీపు చూపించి నాలుగడుగులు వేయండి."

అబ్దోన్ రొమ్ము విరుచుకుని నడిచాడు. మూడో అడుగుకే తెల్లపోతు చెవులు వెనక్కి వాల్చింది. అరుస్తూ దూకి ఛాతీతో గుద్దింది. అతను పోయి ఎండు బంగాళాదుంపల రాశిలో బోర్లా పడ్డాడు. ముగ్గురు పట్టుకుంటే గానీ అది ఆగలేదు.

నికాసియా నవ్వలేదు. చెయ్యిచ్చి లేపింది. అతను ఆ చెయ్యి వదిలించుకున్నాడు.

"అయినా నియమం నియమమే! రంగు పోతును తెస్తే తడిమేతలోకి రానివ్వను."

"ఆ మేతకు నీళ్ళు మళ్ళించిన కాలువ మా అమ్మ తవ్వింది. మీ నియమం పుట్టకముందే తవ్వింది. రేపు పొద్దున మందతో అక్కడే ఉంటాను, వచ్చి తోలండి."

సంత చివర, కనుమ అవతలి నుంచి వచ్చిన ఒక ముసలావిడ దగ్గర మాడిన రొట్టె రంగు పోతు ఉంది. నికాసియా చెయ్యి చాపగానే అది మొహాన ఉమ్మింది.

"తల్లి దగ్గరే పెరిగింది తల్లీ. మనుషులంటే అసలు పడదు" అంది ముసలావిడ, తప్పు చేసినట్టు.

"నాకు కావాల్సింది అదే అమ్మా" అని నికాసియా చెంప తుడుచుకుంది. అమ్మ చెప్పిన వరసలోనే పళ్ళూ, విత్తులూ, ఉన్నీ, నడకా, చెవులూ చూసింది. బేరం కుదిరాక తన మంద గుర్తుగా దాని చెవికి ఎర్ర ఉన్ని పోగు కట్టింది. ముసలి అల్పాకా ముందు నడిచింది. పోతు రెండుసార్లు మొరాయించి, దాని వెనకే కదిలింది.

మర్నాడు పొద్దున తడిమేత గోడ సందు దగ్గర అబ్దోన్ పక్కటెముకలు పట్టుకుని నిలబడి ఉన్నాడు. నికాసియా నడక తగ్గించలేదు. పదిహేను రంగు అల్పాకాలు అతని పక్కనుంచే లోపలికి పోయాయి. కొత్త పోతు దగ్గరికి వచ్చేసరికి అతనే ఒక అడుగు పక్కకు జరిగాడు.

ఎప్పుడైనా మీ చేతికి రంగు అద్దని ఉన్ని తగిలితే, అది మాడిన రొట్టె రంగులో ఉంటే, హిలారియాను ఒక్కసారి తలుచుకోండి.